వాడిన వీడియో గేమ్ అమ్మకానికి అడ్డుపడుతున్నది ఎవరు?

దుర్గ్: భిలాయి టౌన్‌షిప్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఒకే వీడియో గేమ్‌ను కొన్నారనుకుందాం. అన్న దుకాణానికి వెళ్లి డిస్క్ తెచ్చుకున్నాడు. తమ్ముడు ఇంట్లోనే కూర్చుని, దాదాపు అదే ధర చెల్లించి, కన్సోల్‌లోని ఆన్‌లైన్ స్టోర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్నాడు. నెల తిరిగేసరికి ఇద్దరూ ఆట ముగించారు. అన్న తన డిస్క్‌ను స్నేహితుడికి సగం ధరకు అమ్మి, ఆ డబ్బును మరో గేమ్ కొనుగోలుకు వాడుకున్నాడు. తమ్ముడి దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. అతని గేమ్‌ను మరొకరికి బదిలీ చేసే బటన్ ఆ స్టోర్‌లో ఎక్కడా ఉండదు.

ఈ తేడా సాంకేతిక ఇబ్బంది వల్ల పుట్టింది కాదు. ఒక ఖాతాలోని గేమ్‌ను మరో ఖాతాకు మార్చడం కంప్యూటర్‌కు క్షణంలో పని. అలా మార్చకూడదని ఎవరో నిర్ణయించారు. ఆ నిర్ణయం ఎవరిదని అడిగితే మాత్రం పరిశ్రమలో ప్రతి ఒక్కరూ పక్కవారి వైపు వేలు చూపిస్తారు. కన్సోల్ తయారీ సంస్థలు పబ్లిషర్లను చూపిస్తాయి. పబ్లిషర్లు కన్సోల్ సంస్థలను చూపిస్తారు. ఇద్దరూ కలిసి పైరసీనీ, కాపీరైట్ చట్టాన్నీ చూపిస్తారు. వీటిలో దేని వాటా ఎంతో వేరుచేసి చూడవలసి ఉంది.

సొంత ఇల్లు, కంపెనీ క్వార్టరు

ఈ వివాదానికి మూలమైన తేడా భిలాయి వాసులకు కొత్తది కాదు. సోవియట్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారంలో 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. దానితోపాటే సెక్టార్ల వారీగా క్వార్టర్లు లేచాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు సహా వేలమంది వాటిలో తరాలు గడిపారు. పెరట్లో జామచెట్టు నాటినా, పిల్లల పెళ్లిళ్లు ఆ ముంగిట్లోనే చేసినా, కేటాయించిన క్వార్టరును అమ్ముకునే హక్కు ఉద్యోగికి ఉండదు. ఉద్యోగం ముగిశాక తాళంచెవులు సంస్థకు అప్పగించాలి. అదే ఉద్యోగి ఊళ్లో స్థలం కొని ఇల్లు కట్టుకుంటే దాన్ని ఎవరికైనా అమ్మవచ్చు.

డిస్క్ సొంత ఇల్లు వంటిది. డౌన్‌లోడ్ చేసిన గేమ్ క్వార్టరు వంటిది. అయితే క్వార్టరు తనది కాదని ఉద్యోగికి మొదటి రోజునుంచే తెలుసు. దానికి మార్కెట్ ధర చెల్లించమని కూడా ఎవరూ అడగరు. ఆన్‌లైన్ స్టోర్ మాత్రం ‘కొనండి’ అన్న బటన్ పెట్టి, పూర్తి ధర వసూలు చేసి, ఇచ్చింది వాడుకునే అనుమతి మాత్రమేనని ఎవరూ చదవని ఒప్పంద పత్రంలో చెబుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ ధోరణిపైనే చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువులను అమ్మే సంస్థ తాను ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని కొనుగోలుదారుకు ముందే స్పష్టంగా తెలియజేయాలి. అంతకుముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ స్టోర్ చెల్లింపు పేజీలో అలాంటి సూచన కనిపించడం మొదలైంది. హెచ్చరిక వచ్చింది గానీ, తిరిగి అమ్మే హక్కు రాలేదు.

భారత చట్టం అడ్డుపడుతోందా?

డిస్క్ విషయంలో సూటిగా చెప్పాలంటే, లేదు. అయితే ఒక దశలో చట్టం పాఠం అడ్డుపడేలాగే ఉండేది.

1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య కృతుల కోవలో చేర్చింది. 1994 సవరణలో 14వ సెక్షన్‌కు ఒక మెలిక పెట్టారు. ప్రోగ్రాం ప్రతిని అమ్మే, అద్దెకిచ్చే హక్కు యజమానిదేనని, ఆ ప్రతి అంతకుముందు ఒకసారి అమ్ముడుపోయిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదని అందులో రాశారు. అక్షరార్థంలో తీసుకుంటే, వాడేసిన గేమ్ కార్ట్రిడ్జ్‌ను పక్కింటివారికి అమ్మాలన్నా విదేశీ కంపెనీ అనుమతి తెచ్చుకోవలసిన పరిస్థితి అది. 1999 సవరణలో ఆ మాటలను తొలగించారు.

ఆ తొలగింపు అర్థమేమిటో సుప్రీంకోర్టు 2021 మార్చి 2న ఇచ్చిన తీర్పులో వివరించింది. ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యం నిజానికి ఆదాయపు పన్నుకు సంబంధించింది. విదేశాల నుంచి తెప్పించిన సాఫ్ట్‌వేర్‌కు చెల్లించిన సొమ్ము రాయల్టీ అవుతుందా, వస్తువు ధర అవుతుందా అన్నది అక్కడి ప్రశ్న. జస్టిస్ ఆర్.ఎఫ్. నారిమన్ నేతృత్వంలోని ధర్మాసనం అది రాయల్టీ కాదని తేల్చింది. ఆ క్రమంలో 14వ సెక్షన్‌ను పరిశీలిస్తూ, ఆ నిబంధన లక్ష్యం ప్రోగ్రాంను నకళ్లు తీసి అమ్మడాన్ని ఆపడమేనని, వస్తురూపంలో కొన్న సాఫ్ట్‌వేర్‌ను పంపిణీదారు తిరిగి అమ్మడం దాని పరిధిలోకి రాదని స్పష్టం చేసింది. తొలి విక్రయంతో ఆ ప్రతిపై యజమాని నియంత్రణ తీరిపోతుందన్న సూత్రాన్ని 1999 సవరణ గుర్తించిందనీ పేర్కొంది. కాబట్టి అసలైన డిస్క్‌ను సుపేలా మార్కెట్‌లో అమ్మినా, ఓఎల్ఎక్స్‌లో ప్రకటన పెట్టి అమ్మినా కాపీరైట్ ఉల్లంఘన అవుతుందన్న వాదనకు ఇప్పుడు బలం లేదు. జీఎస్టీ నిబంధనలు కూడా పాత వస్తువుల వ్యాపారాన్ని వ్యాపారంగానే చూస్తాయి. డీలర్ కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాపై పన్ను కట్టే వీలును కల్పిస్తాయి.

అద్దె సంగతి వేరు. వాణిజ్యపరంగా ప్రోగ్రాం ప్రతులను అద్దెకివ్వడానికి యజమాని అనుమతి కావాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని ట్రిప్స్ ఒప్పందంలోని 11వ అధికరణం నుంచి వచ్చిన బాధ్యత ఇది. గేమ్‌ను ప్రోగ్రాంగా కాకుండా చలనచిత్రంగా చూడాలన్న వాదన కూడా కొన్ని దేశాల్లో వినిపించింది. ఆ వాదన ఎంత దూరం వెళ్లగలదో 2009లో ఢిల్లీ హైకోర్టు వార్నర్ బ్రదర్స్ కేసులో ఇచ్చిన తీర్పు తెలియజేస్తుంది. విదేశాల్లో సక్రమంగా కొన్న సినిమా డీవీడీలను ఇక్కడ అద్దెకివ్వడాన్ని కోర్టు అడ్డుకుంది. సినిమాలకు అప్పట్లో వర్తించిన ‘ఇంతకుముందు అమ్ముడైనా సరే’ అన్న మాటలను పార్లమెంటు 2012 సవరణలో తీసివేసింది.

2013 జూన్: 13 రోజుల్లో తేలిన విషయం

చట్టం కాదంటే మిగిలేవి ఒప్పందం, తాళం. ఒప్పందం రాసేది పబ్లిషర్, స్టోర్ నడిపే సంస్థ. తాళం చేసేది కన్సోల్ సంస్థ. ఈ ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో 2013 జూన్‌లో ప్రపంచమంతా చూసింది.

మైక్రోసాఫ్ట్ కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ఆ ఏడాది మే 21న ప్రకటించింది. జూన్ 6న నిబంధనలను వెల్లడించింది. డిస్క్ కొన్నా గేమ్ ఖాతాకు ముడిపడి ఉంటుంది. కన్సోల్ 24 గంటలకొకసారి ఇంటర్నెట్‌లో కనిపించాలి. పాత గేమ్‌ను గుర్తింపు పొందిన దుకాణాల్లోనే మార్చుకోవాలి, అది కూడా పబ్లిషర్ ఒప్పుకుంటేనే. స్నేహితుడికి ఇవ్వాలంటే అతను కనీసం 30 రోజులుగా స్నేహితుల జాబితాలో ఉండాలి. ఒక గేమ్‌ను ఒక్కసారే ఇవ్వవచ్చు. అరువివ్వడం, అద్దెకివ్వడం ప్రారంభంలో కుదరదు. ఆ కన్సోల్ పనిచేసే దేశాల తొలి జాబితాలో భారత్ పేరే లేదు.

ఆ ప్రకటనలో అసలు గమనించవలసిన సంగతి బాధ్యతను పంచిన తీరు. పాత గేముల మార్పిడికి తాము రుసుము తీసుకోబోమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అనుమతించాలా వద్దా, దుకాణం నుంచి రుసుము తీసుకోవాలా అన్నది పబ్లిషర్లకే వదిలేసింది. తాళం తాను బిగించి, తాళంచెవి పబ్లిషర్‌కు ఇచ్చానని చెప్పడం లాంటిది ఇది. మరి పబ్లిషర్లు అడిగారా? ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థలో అప్పట్లో చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్‌గా ఉన్న పీటర్ మూర్, పాత గేములను నియంత్రించే ఏర్పాటు పెట్టాలని తమ సంస్థ కన్సోల్ తయారీదారులపై ఒత్తిడి తేలేదని బహిరంగంగానే చెప్పారు. అడిగినవారు లేరు, ఇచ్చినవారు మాత్రం ఉన్నారు.

జూన్ 10న లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో సోనీ తన ప్లేస్టేషన్ 4లో పాత డిస్కులపై కొత్త ఆంక్షలు ఉండవని ప్రకటించగానే సభ కరతాళధ్వనులతో మార్మోగింది. గేమ్‌ను ఎలా పంచుకోవాలో చూపే బోధనా వీడియో అంటూ ఆ సంస్థ అరనిమిషమైనా లేని దృశ్యాన్ని విడుదల చేసింది. ఒక వ్యక్తి డిస్క్‌ను రెండో వ్యక్తి చేతికి ఇస్తాడు. అంతే. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ప్రతినిధి డాన్ మాట్రిక్ నిబంధనలన్నింటినీ వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించారు. డిస్కులను అమ్మవచ్చు, అరువివ్వవచ్చు, అద్దెకివ్వవచ్చు. ఏ పార్లమెంటూ చట్టం చేయలేదు, ఏ కోర్టూ ఆదేశించలేదు. పబ్లిషర్లతో కొత్త ఒప్పందాలకు ఎదురుచూసిందీ లేదు. 13 రోజుల్లో తాళం ఊడింది. అంటే కన్సోల్ సంస్థ తలచుకుంటే తీయగలిగిన తాళమే అది.

సోనీని ఇందులో ధర్మరాజుగా చూడనక్కరలేదు. అదే సంస్థ అప్పుడూ ఇప్పుడూ తన ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్మిన గేములను తిరిగి అమ్మనివ్వదు. నాటి కరతాళధ్వనులు డిస్క్‌కు మాత్రమే పరిమితం.

పబ్లిషర్ల వాటా, వారి గోడు

పబ్లిషర్లు నిర్దోషులని దీని అర్థం కాదు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన క్రీడా గేములకు ‘ఆన్‌లైన్ పాస్’ పద్ధతిని తెచ్చింది. కొత్త డిస్క్‌తో పాటు ఒకసారి మాత్రమే పనిచేసే కోడ్ వచ్చేది. పాత డిస్క్ కొన్నవారు ఆన్‌లైన్‌లో ఆడాలంటే మరో 10 డాలర్లు చెల్లించాలి. మరికొన్ని సంస్థలు ఇదే బాట పట్టాయి. 2013 మేలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది.

అంతకన్నా ముందు జపాన్‌లో క్యాప్‌కామ్ సహా పలు గేమ్ సంస్థలు నేరుగా పాత గేముల దుకాణాలపై కోర్టుకెక్కాయి. వీడియో గేమ్ కూడా సినిమా వంటిదే గనుక, సినిమా ప్రింట్ల పంపిణీపై ఉండే హక్కు తమకూ ఉంటుందని వాదించాయి. 2002 ఏప్రిల్ 25న ఆ దేశ సుప్రీంకోర్టు గేమ్‌ను సినిమా వంటి కృతిగా అంగీకరిస్తూనే, ప్రజలకు ఒకసారి అమ్మిన ప్రతిపై ఆ హక్కు తీరిపోతుందని తీర్పు చెప్పింది. జపాన్‌లో పాత గేముల దుకాణాలు ఈనాటికీ సందడిగా ఉండటానికి ఆ తీర్పే పునాది.

వారి గోడులో నిజం లేకపోలేదు. ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ గేమ్‌ను హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ రూపొందించింది. 2009లో వచ్చిన ఆ గేమ్ ఆ కన్సోల్‌కు భారత్‌లో తయారైన తొలి గేమ్‌గా గుర్తింపు పొందింది. అలాంటి చిన్న స్టూడియో చేసిన డిస్క్ పది చేతులు మారితే ఆదాయం వచ్చేది ఒక్కసారే. పైగా పుస్తకంలా డిస్క్‌లోని ఆట నలగదు, పదో ఆటగాడికీ అది కొత్తదానిలాగే కనిపిస్తుంది. అయితే పాత డిస్క్ అమ్మిన డబ్బే చాలామంది చేతుల్లో కొత్త గేమ్‌కు పెట్టుబడి అవుతుందన్నది దుకాణదారుల సమాధానం. అన్న విషయంలో జరిగింది అదే.

పైరసీ ప్రస్తావన మాత్రం పక్కదారి పట్టించేది. మన బజార్లలో ఒకప్పుడు నకిలీ డిస్కులు బాహాటంగా దొరికేవి. వాటినీ, ఒకరు డబ్బు పెట్టి కొని ఆడాక అమ్మిన అసలు డిస్కులనూ ఒకే గాటన కట్టడం సరికాదు.

చప్పుడు లేకుండా మూసిన తలుపు

ఎక్స్‌బాక్స్ విషయంలో అంత రగడ జరిగింది గానీ, అంతకు తొమ్మిదేళ్ల ముందే కంప్యూటర్ గేముల్లో అదే తాళం పడింది. 2004 నవంబరులో వచ్చిన ‘హాఫ్-లైఫ్ 2’ను దుకాణంలో డిస్క్‌గా కొన్నా సరే, వాల్వ్ సంస్థకు చెందిన స్టీమ్ ఖాతాలో నమోదు చేస్తేనే ఆడే వీలుండేది. ఒక ఖాతాలో నమోదైన డిస్క్ ఇక మరొకరికి పనికిరాదు. కంప్యూటర్ గేముల్లో పాత డిస్కుల మార్కెట్ ఆ దారిలోనే కనుమరుగైంది. తక్కువ ధరల సేల్స్, ఎక్కడినుంచైనా డౌన్‌లోడ్ చేసుకునే సౌలభ్యం ఆటగాళ్లను మెత్తబరిచాయి. ఈ వ్యవహారంలో వినియోగదారు వాటా ఏదైనా ఉందంటే అది ఆ సౌలభ్యాన్ని మారుమాట లేకుండా స్వీకరించడమే.

కోర్టుల్లో ఈ తలుపు తెరిపించే ప్రయత్నాలు జరిగాయి. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012లో యూజ్డ్‌సాఫ్ట్ కేసులో, శాశ్వత వినియోగానికి డబ్బు తీసుకుని ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ రూపంలో కొన్నా తిరిగి అమ్మవచ్చని చెప్పింది. ఆ ఆశతో ఫ్రాన్స్ వినియోగదారుల సంఘం యూఎఫ్‌సీ-క్ షువాజీర్ స్టీమ్‌పై దావా వేసింది. 2019 సెప్టెంబరు 17న పారిస్ కోర్టు సంఘం పక్షాన తీర్పిచ్చింది. గెలుపు నిలవలేదు. గేమ్ అంటే ప్రోగ్రాం ఒక్కటే కాదని, చిత్రాలు, సంగీతం, కథ కలిసిన కృతి అని, కనుక సాఫ్ట్‌వేర్‌కు వర్తించే వెసులుబాటు దీనికి వర్తించదని అప్పీలు కోర్టు 2022లో భావించింది. 2024లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. అమెరికాలో 2018లో రీడిజీ కేసు ఇదే దారిలో నడిచింది. డిజిటల్ పాటను మరొకరికి పంపడమంటే కొత్త నకలు తయారుచేయడమేనని అక్కడి అప్పీలు కోర్టు పేర్కొంది.

భారత పార్లమెంటు ఈ విషయంపై ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. సుప్రీంకోర్టు 2021 తీర్పు పన్ను వివాదాన్ని తేల్చింది గానీ, డౌన్‌లోడ్ లైసెన్స్‌ను వినియోగదారు అమ్ముకోవచ్చునని చెప్పలేదు. మరోవైపు 2012లోనే కాపీరైట్ చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చారు. కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళాలను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. తాళానికి చట్టం కాపలా పెట్టింది. తాళం వేసినవారికి మాత్రం కొనుగోలుదారు పట్ల ఎలాంటి షరతూ పెట్టలేదు. ప్రభుత్వ వాటా అక్కడుంది.

డిస్క్ చేతిలో ఉన్నా

అన్న పరిస్థితి కూడా పూర్తిగా నిశ్చింతగా లేదు. 2014లో విడుదలైన ‘ద క్రూ’ అనే కార్ల పందేల గేమ్ నడవాలంటే యూబీసాఫ్ట్ సర్వర్లు ఉండాలి. 2024 మార్చి 31న ఆ సంస్థ సర్వర్లను మూసివేయడంతో, ఇళ్లలోనూ పాత గేముల దుకాణాల్లోనూ ఉన్న డిస్కులన్నీ ఒక్కరోజులో ఎందుకూ పనికిరానివయ్యాయి. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని గేములకు ‘గేమ్-కీ కార్డ్’ ఇస్తున్నారు. ఆ కార్డులో గేమ్ ఉండదు, దాన్ని డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి మాత్రమే ఉంటుంది. కార్డును తిరిగి అమ్మవచ్చు, కానీ డౌన్‌లోడ్ సర్వర్ ఉన్నంతకాలమే దానికి విలువ. డిస్క్ పెట్టే చోటే లేని కన్సోళ్లు 2020 నుంచి సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ అమ్ముతున్నాయి. ధర కొంత తక్కువని వాటిని ఎంచుకున్న కుటుంబం, తిరిగి అమ్ముకునే హక్కును ఆ తగ్గింపుకే వదులుకున్నట్టవుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇక్కడ కొంత దారి చూపుతోంది. వినియోగదారుకు తీవ్ర నష్టం కలిగించే ఏకపక్ష షరతులున్న ఒప్పందాన్ని ‘అన్యాయమైన ఒప్పందం’గా ఆ చట్టం నిర్వచించింది. సంస్థ కార్యాలయం ఏ దేశంలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు లోపం, సేవాలోపమైతే దుర్గ్ జిల్లా కమిషన్ సరిపోతుంది. ఒప్పందమే అన్యాయమైనదని సవాలు చేయాలంటే రాయ్‌పుర్‌లోని రాష్ట్ర కమిషన్‌ను ఆశ్రయించాలి.

పాత డిస్క్ కొనేవారు ముందుగా చూసుకోవలసింది, ఆ గేమ్ ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా, పెట్టెలోని కోడ్ ఇప్పటికే వాడేశారా అన్నవి. ప్లేస్టేషన్‌లో అదనపు కంటెంట్ పనిచేయాలంటే డిస్క్ ఏ ప్రాంతానిదో ఖాతా కూడా ఆ ప్రాంతానిదే అయి ఉండాలి కనుక విదేశాల నుంచి వచ్చిన డిస్కుల విషయంలో జాగ్రత్త అవసరం.

ఇక తమ్ముడికి ఉన్నది గడువులోపు డబ్బు వాపసు కోరే వీలు మాత్రమే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే వాపసు అడగవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో గడువు 14 రోజులే అయినా, డౌన్‌లోడ్ మొదలుపెడితే, గేమ్‌లో లోపం ఉన్నప్పుడు తప్ప, ఆ అవకాశం పోతుంది.